కాలు నేలకానే ఎత్తు

మోటారు సైకిళ్ల కంపెనీలు ముద్రించే వివరాల పట్టికలో ఇంజను సామర్థ్యం, అశ్వశక్తి, ట్యాంకులో పట్టే పెట్రోలు మొదలైన అంకెలన్నీ అయిపోయాక, చివరి వరుసల్లో ఎక్కడో సీటు ఎత్తు అనే అంకె ఒకటి ఉంటుంది. కొనబోయేవారిలో చాలామంది దానిని చదవరు. చదివినవారు కూడా తమ కాళ్ల పొడవుతో పోల్చి చూసుకోరు. చొక్కా కొనేటప్పుడు మెడ కొలత చూస్తాము, చెప్పులు కొనేటప్పుడు తొడిగి నాలుగడుగులు నడుస్తాము. దాదాపు రెండు క్వింటాళ్ల ఇనుమును రెండు కాళ్ల మధ్య నిలబెట్టుకోబోతూ మాత్రం రంగు చూసి ముచ్చటపడతాము.

నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. తొడ మొదలు నుంచి పాదం వరకు కొలిస్తే ఇరవై ఎనిమిది అంగుళాలు, అనగా సుమారు 710 మిల్లీమీటర్లు. బూటు అడుగు మందం కలిపితే మరో అంగుళం. నా వద్ద ఉన్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్, 2016లో మార్కెట్టులోకి వచ్చిన 411 సి.సి. బండి. 2019లో కొన్నాను. దాని సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. ఆ అంకెను చూసే కొన్నాను. నాకు కావలసినది వేగం కాదు. మన్యం రోడ్ల మీద నడుము విరగకుండా దూరం వెళ్లగల వాహనం. గుంతలో పడినప్పుడు ఈ బండి ముందు చక్రం 200 మిల్లీమీటర్లు, వెనుక చక్రం 180 మిల్లీమీటర్లు పైకి కదలగలవు. నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు. చక్రం అంతగా కదలాలంటే దానికి తగినంత చోటు ఉండాలి. చోటు ఉండాలంటే బండి ఎత్తుగా ఉండక తప్పదు. ఎత్తు అనేది ఇక్కడ ఆడంబరం కాదు, సౌఖ్యానికి చెల్లించే వెల.

ఒంటరిగా తిరిగినన్నాళ్లూ ఆ వెల నాకు భారమనిపించలేదు. ఆగవలసి వచ్చినప్పుడు పిరుదును ఒక పక్కకు జరిపి, ఎడమ కాలి మునివేళ్ల మీద నిలబడటం నేర్చుకున్నాను. పొట్టివారందరికీ తెలిసిన విద్యే అది. కాని వెనుక మరొక మనిషి కూర్చున్నప్పుడు ఆ విద్య పనికిరాదు. మనం పక్కకు జరిగితే ఆ మనిషి బరువు కూడా మనతోపాటు జరుగుతుంది.

2023 జనవరిలో మా శ్రీమతితో కలిసి విశాఖపట్నం నుంచి అరకు బయలుదేరాను. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక, అనంతగిరికి కొంచెం ఇవతల, మంచులో ఎదురుగా వచ్చిన బస్సుకు దారి ఇవ్వడానికి రోడ్డు అంచున ఆగవలసి వచ్చింది. రోడ్డు ఎడమ వైపుకు వాలి ఉంది. తారు అంచుకూ పక్కనున్న మట్టికీ మధ్య జానెడు తేడా ఉంది. నా కాలు నేల కోసం వెతికింది. అక్కడ నేల లేదు. బండి మెల్లగా, ఏ తొందరా లేకుండా, లోయ వైపుకు ఒరగసాగింది. కాఫీ గింజలు అమ్ముకుంటూ అక్కడ కూర్చున్న ఇద్దరు మనుషులు పరుగున వచ్చి పట్టుకోబట్టి మేమిద్దరం నిలబడ్డాము. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. మా శ్రీమతి ఒక్క మాట అనలేదు. అరకు చేరి, మ్యూజియం చూసి, భోజనం చేశాక మాత్రం, "ఏమండీ, నేను రైల్లో వస్తాను" అన్నది. బైలడిల్లా ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ రైలు మార్గం మీద, సొరంగాల గుండా, ఆమె కిరండూల్ ప్యాసింజరులో ఇంటికి వచ్చింది. నేను బండి మీద ఒక్కడినే కొండ దిగాను. ఆ తరువాత ఎనిమిది నెలలపాటు వెనుక సీటు మీద నా వర్షపు కోటు తప్ప మరేమీ కూర్చోలేదు.

విషయం తెలిసిన మిత్రులు సలహాలకు లోటు చేయలేదు. అమ్మేయమన్నారు కొందరు. మడమ ఎత్తున్న బూట్లు కుట్టించుకోమన్నారు ఒకరు. పెళ్లినాడు కూడా అటువంటి బూట్లు తొడగలేదని మనవి చేశాను. ఎక్కువ మంది చెప్పిన ఉపాయం ఒకటి ఉంది. వెనుక షాకబ్జర్ స్ప్రింగును బిగించి ఉంచే కాలరును వదులు చేస్తే బండి దానంతటదే దిగుతుందని. దీనినే ప్రీలోడ్ తగ్గించడం అంటారు. దిగే మాట నిజమే. ఎందుకు కూడదో చెప్పాలంటే మన కర్మాగారంలోని పని గురించి రెండు మాటలు చెప్పాలి.

మన సింటర్ విభాగంలో జల్లెడలు స్ప్రింగుల మీద నిలబడి ఊగుతాయని అక్కడ పనిచేసినవారందరికీ తెలుసు. ఒక మూల స్ప్రింగు అలసిపోయి కుంగినప్పుడు, మట్టం సరిచేయడానికి దాని కింద షిమ్ము పెడితే జల్లెడ ఎత్తు సమమవుతుంది. స్ప్రింగు బలం మాత్రం పెరగదు. ఎత్తు వేరు, గట్టిదనం వేరు. ముప్పై ఏళ్లపాటు యాంత్రిక నిర్వహణలో ఉండి నేను నేర్చిన పాఠాల్లో ఇది మొదటిది. మోటారు సైకిలు స్ప్రింగుకూ ఇదే వర్తిస్తుంది. ప్రీలోడ్ పెంచినా తగ్గించినా స్ప్రింగు గట్టిదనం మారదు. అది ఎక్కడ నుంచి పని మొదలుపెడుతుందో ఆ స్థానం మాత్రం మారుతుంది. ఎత్తు తగ్గించడానికి ప్రీలోడ్ వదులు చేస్తే, చక్రానికి ఉన్న కదలికలో పెద్ద భాగం మనుషులు కూర్చోవడంతోనే ఖర్చయిపోతుంది. మిగిలినది కొంచెమే. మొదటి పెద్ద గుంతలోనే షాకబ్జర్ అడుగు తగిలి, ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకు చేరుతుంది. సౌఖ్యం కోసం కొన్న బండిని ఎత్తు కోసం ఎడ్లబండిగా మార్చుకున్నట్టవుతుంది.

కాబట్టి మొదట కొలవాలి. కొలవాలంటే వెనుక సీటు మీద మనిషి కూర్చోవాలి. కూర్చోవలసిన మనిషి ఎవరో చెప్పనవసరం లేదు. కదిలేది లేదని, క్వార్టరు ముందు నీడలో నిలిపి ఉంచిన బండి మీద అయిదు నిమిషాలు కూర్చుంటే చాలని బతిమాలాక ఒప్పుకున్నది. పక్క క్వార్టరు కుర్రవాడు హ్యాండిలు పట్టుకున్నాడు, అతని తండ్రి టేపు పట్టుకున్నారు. వెనుక ఇరుసు నుంచి పైన మడ్గార్డు మీద పెట్టిన గుర్తు వరకు మూడు కొలతలు: చక్రం గాలిలో ఉండగా ఒకటి, బండి తన బరువు మీద తాను నిలబడినప్పుడు ఒకటి, మేమిద్దరం సామానుతో కూర్చున్నప్పుడు ఒకటి. మొదటిదానికీ చివరిదానికీ ఉన్న తేడా చక్రం మొత్తం కదలికలో మూడోవంతు ఉండాలని సాధారణ సూత్రం. 180లో మూడోవంతు 60. మాకు వచ్చినది 80. అంటే కంపెనీ నుంచి వచ్చిన అమరికలోనే మా ఇద్దరి బరువుకు బండి ఉండవలసిన దానికంటే ఎక్కువ కుంగుతున్నది. దూర ప్రయాణాల్లో ఆమె నడుము నొప్పికి, వంతెనల అతుకుల దగ్గర వచ్చే దెబ్బకు కారణం అక్కడ దొరికింది. మిత్రులు వదులు చేయమన్న కాలరును నిజానికి బిగించవలసి ఉంది. బిగిస్తే బండి ఇంకా పైకి లేస్తుంది!

సౌఖ్యం పైకి లేపమంటుంది, కాళ్లు కిందికి దించమంటాయి. ఈ రెండూ ఒకే స్ప్రింగుతో తీరే కోరికలు కావు. ఎత్తు పనిని స్ప్రింగు నుంచి తప్పించి వేరొకరికి అప్పగించాలి.

ఆ వేరొకరిలో మొదటివాడు సీటు. సీటు పొడవు వెడల్పుల గురించి మనం పెద్దగా ఆలోచించము కాని, కాలు నేలకు చేరడంలో ఎత్తుకు ఎంత పాత్ర ఉన్నదో వెడల్పుకు కూడా దాదాపు అంతే ఉన్నది. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు విడిపోతాయి. విడిపోయిన కాళ్లు నేలకు ఏటవాలుగా దిగుతాయి. ఏటవాలుగా దిగే కాలు నిటారుగా దిగే కాలంత దూరం చేరదు. నిచ్చెనను గోడకు దూరంగా జరిపితే దాని తల కిందికి దిగినట్టే ఇది కూడా. గాజువాకలో సీట్లు కుట్టే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనకు ఈ త్రికోణమితి అంతా చెప్పబోతే, "కూర్చోండి బాబూ" అని నన్ను సీటు మీద కూర్చోబెట్టి, తొడలు తగిలే చోట సుద్దముక్కతో రెండు గీతలు గీశారు. ఆ గీతల వెంబడి రెండు పక్కలా నురుగు చెక్కివేశారు. పైన మాత్రం ఇరవై మిల్లీమీటర్లే తీశారు. ఇంకా తీయవచ్చు కదా అంటే, ఇంకా తీస్తే యాభై కిలోమీటర్ల తరువాత రేకు మీద కూర్చున్నట్టు ఉంటుందన్నారు. తీసిన మెత్తని నురుగు స్థానంలో చిక్కని, గట్టి నురుగు పొర అతికించారు. మెత్తని సీటు మొదటి పది నిమిషాలే సుఖం. గట్టిది రోజంతా మోస్తుంది. రైలు బెంచీల మీద తిరిగిన తరానికి ఇది వివరించనవసరం లేదు. ఈ పనికి అయిన ఖర్చు మొత్తం ఖర్చులో అతి తక్కువ, లాభం అతి ఎక్కువ. బండి దించాలనుకునేవారు ఇక్కడితో ఆగగలిగితే ఆగడమే మంచిదని నా అభిప్రాయం. నాకు ఇంకొక అంగుళం కావలసి వచ్చింది.

రెండోవాడు లింకు. ఈ బండికి వెనుక ఒకే షాకబ్జర్; దానికీ స్వింగ్ ఆర్ముకూ మధ్య చిన్న లివరూ, రెండు ఇనుప పట్టీలూ ఉంటాయి. ఆ పట్టీల రంధ్రాల మధ్య దూరం కొద్ది మిల్లీమీటర్లు మారితే వెనుక భాగం ఎత్తు అంతకు కొన్ని రెట్లు మారుతుంది. స్ప్రింగు జోలికి పోకుండా ఎత్తు మార్చే మార్గం ఇదే. నేను చూపించిన మెకానిక్కు కుర్రవాడు చురుకైనవాడు. "పట్టీలెందుకు కొనడం సార్? ఫ్లాటు ముక్క కోసి, రెండు బెజ్జాలేసి ఇచ్చేస్తాను" అన్నాడు. వద్దన్నాను. గుంతలో పడిన ప్రతిసారీ బండి బరువుకు కొన్ని రెట్ల దెబ్బను మోసేవి ఆ రెండు పట్టీలు. రెండింటి రంధ్రాల దూరంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒకటి పని చేస్తుంది, రెండోది చూస్తూ ఉంటుంది. చివరికి బేరింగు అరుగుతుంది. తయారుగా దొరికే జతను తెప్పించి, వర్నియరుతో కొలిచి, రెండూ సమానమని తేలాకే బిగించనిచ్చాను. వెనుక భాగం 35 మిల్లీమీటర్లు దిగింది. ఆపైన ప్రీలోడ్ బిగించి, మా ఇద్దరి బరువుకు కుంగుదల 60 దగ్గరకు తెస్తే 10 మిల్లీమీటర్లు తిరిగి పైకి వచ్చింది. నికరంగా దిగినది 25, ఒక్క అంగుళం. లింకు మార్చితే లివరు బలం మారి వెనుక భాగం కొంచెం మెత్తబడినట్టు అనిపిస్తుంది; అందువల్ల కూడా కాలరు బిగించక తప్పదు.

ఇక్కడ ఆ కుర్రవాడికీ నాకూ చిన్న వాదం జరిగింది.

"ఎనకాల దిగిపోయింది కదా సార్, ఇంక ముందు ముట్టుకోవడం ఎందుకు? కాళ్లందుతున్నాయి కదా."

నేను గోడ మీద బొగ్గుతో గీసి చూపించాను. రెండు చక్రాల మధ్య దూరం 1465 మిల్లీమీటర్లు. వెనుక మాత్రమే 25 దిగితే బండి మొత్తం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ముందు ఫోర్కు కూడా ఆ డిగ్రీ వాలుతుంది. ఫోర్కు వాలితే, హ్యాండిలు తిరిగే ఇరుసు నేలను తాకే బిందువుకూ, టైరు నేలను తాకే బిందువుకూ మధ్య దూరం పెరుగుతుంది. నా లెక్క ప్రకారం ఆరేడు మిల్లీమీటర్లు. అంకె చిన్నదే కాని చేతులకు తెలుస్తుంది: తిన్నని హైవే మీద బండి హుందాగా పోతుంది, ఘాట్ రోడ్డు మలుపులో తిరగనని మొరాయిస్తుంది. ముందు మాత్రమే దించితే దీనికి తారుమారు. చురుకుగా తిరుగుతుంది, వేగంలో అల్లాడుతుంది. హెడ్‌లైటు సంగతి సరేసరి. వెనుక దిగితే ఎదుటివారి కళ్లలోకి, ముందు దిగితే మన కాళ్ల ముందుకు.

కుర్రవాడు బొమ్మను కాసేపు చూసి, "మరైతే ముందు కూడా ఇరవై అయిదే దించాలాండీ?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కనుక గొట్టాలను క్లాంపుల్లో 28 మిల్లీమీటర్లు పైకి జరిపితే నిట్టనిలువుగా 25 దిగుతుంది. రెండు గొట్టాలూ సమానంగా జరగాలి. లేకపోతే ఇరుసు మెలిక పడుతుంది. ఇదంతా అయ్యాక అసలైన పరీక్ష మిగిలి ఉంది. బండి దిగినప్పుడు చక్రాలకు పైన ఉండే చోటు అంత మేర తగ్గుతుంది. స్ప్రింగులు తీసి, చక్రాలను చివరికంటా పైకెత్తి, టైరు దేనికీ తగలడం లేదని చూసుకోవాలి. వెనుక మడ్గార్డు లోపల రెండు వేళ్లు దూరేంత ఖాళీ మిగిలింది. అది మిగలకపోయి ఉంటే పాత పట్టీలే తిరిగి బిగించేవాడిని. పూర్తి బరువుతో పెద్ద గుంతలో పడ్డప్పుడు టైరు మడ్గార్డును కరిస్తే జరిగేది వర్ణించడం నాకు ఇష్టం లేదు.

చిల్లర పనులని మెకానిక్కులు వదిలివేసేవి రెండు ఉన్నాయి. సైడ్ స్టాండు పాత పొడవే ఉంటే దిగిన బండి దాని మీద దాదాపు నిటారుగా నిలుస్తుంది. ఎదురు గాలి వీచినా, పక్కన లారీ పోయినా అవతలి వైపు పడిపోతుంది. దానిని కోసి, కురచ చేసి, వెల్డింగు చేయించాను. చైను వదులు కూడా కొత్తగా సరిచూడాలి, ఎందుకంటే స్వింగ్ ఆర్ము నిలిచే కోణం మారింది. సెంటర్ స్టాండు మాత్రం అలాగే ఉన్నది. దాని మీదకు ఎక్కించాలంటే ఇప్పుడు మునుపటికంటే ఒక అంగుళం ఎక్కువ ఎత్తాలి. ఆ అంగుళానికి నేను ఊపిరి బిగబట్టవలసి వస్తున్నది. నేల నుంచి ఖాళీ కూడా 220 నుంచి 195కు పడిపోయింది. ఊళ్లో ఎవరికి వారు కట్టుకునే స్పీడ్ బ్రేకర్ల దగ్గర జాగ్రత్త పడాలి. మలుపుల్లో ఫుట్‌రెస్టు మునుపటికంటే ముందుగా నేలను గీస్తుంది. నా వయసులో నేను అంత వంచను కనుక ఆ నష్టం నాకు లెక్కలోకి రాదు. కుర్రకారుకు వస్తుంది.

దించితే బండి నడక మెరుగవుతుందనే మాట తరచు వింటాము. అది సగమే నిజం. అరచేతిలో పొడవాటి కర్రను నిలబెట్టడం తేలిక, పెన్సిలును నిలబెట్టడం కష్టం. కదులుతున్న బండి ఆ కర్ర వంటిది. గురుత్వ కేంద్రం ఒక అంగుళం దిగినంత మాత్రాన దానికి కొత్త గుణాలేమీ రావు. మారేది నడిపేవాడు. కాలు అందదేమోనన్న అనుమానం ఉన్నవాడు ఆగవలసిన చోటుకు పది గజాల ముందు నుంచే భుజాలు బిగిస్తాడు, హ్యాండిలును గట్టిగా పట్టుకుంటాడు, ముందు బ్రేకును భయంతో నొక్కుతాడు. బండి అల్లాడేది ఆ బిగింపు వల్లనే. కాలు అందుతుందని శరీరానికి తెలిశాక చేతులు వాటంతటవే వదులవుతాయి.

ఈ మార్పులు చేయబోయే సహోద్యోగులకు ఒక సూచన. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. సీటు నురుగు సంగతి ఎలా ఉన్నా, నట్లు విప్పే ముందు రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ ఒక మాట అడగడం మంచిది. గ్యారంటీ ఉన్న బండి అయితే మరీ ముఖ్యం. 2023 చివరలో ఈ బండి స్థానంలో వచ్చిన 450 సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. దానిని 845కు పెంచుకొనే వీలు కూడా కంపెనీవారే కల్పించారు. పొడవాటివారి అదృష్టం. కాకపోతే తక్కువ ఎత్తు సీటు కూడా విడిగా అమ్ముతున్నారు. అది ఉన్నవారు మొదట అది ప్రయత్నించడం న్యాయం.

2023 సెప్టెంబరులో పనంతా పూర్తయ్యాక నెలరోజులు ఒక్కడినే తిరిగాను. వెనుక సీటు మీద రెండు బియ్యం బస్తాలు కట్టుకొని భీమిలి దాకా రెండుసార్లు వెళ్లి వచ్చాను. దారిలో ఒకాయన బియ్యం ఎంతకు ఇస్తావని కూడా అడిగాడు. మా శ్రీమతికి నేను మిల్లీమీటర్ల లెక్క చెప్పలేదు. ఒకరోజు సాయంత్రం మార్కెట్టు నుంచి వచ్చి ఇంటి ముందు ఆగినప్పుడు, ఆమె వరండాలో నిలబడి నా ముఖం వైపు కాక బూట్ల వైపు చూస్తున్నది. రెండు పాదాలూ నేల మీద ఉన్నాయి, ఎడమ మడమతో సహా. "రేపు గుడి దాకా వస్తాను" అన్నది.

గుడి దాకా, ఆపైన విజయనగరం దాకా, నవంబరులో మళ్లీ శృంగవరపుకోట మీదుగా కొండపైకి. ఘాట్‌లో వాలు ఉన్న చోట కావాలని ఒకసారి ఆపాను. ఆమె నా భుజం పట్టుకోలేదు. తిరిగి రావడం కూడా బండి మీదనే వచ్చాము.

ఇప్పటికి ఆ అమరికతో పదకొండు వేల కిలోమీటర్లు నడిచింది. మూడు వేల కిలోమీటర్లకొకసారి లింకు బోల్టులు టార్కు రెంచితో సరిచూసి, బేరింగులకు గ్రీజు పెడుతున్నాను. పోయిన వారం మా శ్రీమతి కొత్త అర్జీ ఒకటి పెట్టింది. ముందు సీటుకు చేసిన మరమ్మతు వెనుక సీటుకు ఎందుకు చేయించలేదని, తన వైపు నురుగు మొదటి నుంచీ మెత్తనిదేనని. గాజువాక పెద్దాయన ఆదివారం రమ్మన్నారు.